రెండడుగుల గుంత

గుడియాత్తం,
6-6-1999

ఏమిరా ధనపాలూ,

నీ కాలు ఎట్ల ఉండాదని అడగడానికే ఈ కార్డు తీసినాను. దానిమీద పెన్ను పెట్టకముందే మన చెల్లెలు అంజలై వచ్చి ఒక సంగతి చెప్పింది. ఇప్పుడు నీ కాలితో నాకు పని లేదు. నీ తల ఎట్ల ఉండాదో రాయి.

అది ఒడుగత్తూరు నుంచి వస్తా వస్తా నీ ఇంట్లో దిగి కాఫీ తాగి వచ్చిందంట. నువ్వు నట్టింట్లో నేలమీద కూర్చోని, ముందర ఒక ఇనప డబ్బా పెట్టుకోని, చుట్టూ పచ్చ రేకులూ తీగలూ పరుచుకోని ఉండావంట. ఏందన్నా ఇది అంటే కంప్యూటరు కడతా ఉండాను అన్నావంట. ఏమైనా ఆఫీసు పెడతావా అంటే, లేదు, ఆట ఆడుకోవడానికి అన్నావంట. చెప్తా చెప్తా అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. యాభై ఆరేండ్ల మేస్త్రికి గోలీలాడే పిల్లోడి బుద్ధి పుట్టిందంటే నవ్వేది యాడ నుంచి వస్తాది?

అది కూడా మొత్తంగా కొనకుండా ముక్కలు ముక్కలుగా కొంటా ఉండావంట. డబ్బా ఒక వారం, రేకు ఒక వారం. ఎద్దును కొనేటోడు కాళ్ళు ఒక సంతలో, కొమ్ములు ఇంకో సంతలో కొనుక్కోని ఇంటికొచ్చి కుట్టుకుంటాడా?

నువ్వు పనిలో పైనుంచి పడిన కొత్తలోనే చెప్పినాను. గుడియాత్తానికి వచ్చెయ్, లుంగీల షావుకారి ఇంటి పని జరగతా ఉండాది, కుర్చీ వేసి కూర్చోబెడతాను, కూలోళ్ళను చూసుకో అని. రానన్నావు. ఈ డబ్బా కోసమా?

నేనే వచ్చి నిలబెట్టి అడగవచ్చు. కానీ మనిద్దరం ఎదురెదురుగా కూర్చుంటే మూడో మాటకు నేను చెప్పు తీస్తాను, నాలుగో మాటకు నువ్వు తలుపు తీస్తావు. అందుకే కార్డు. మూసి పంపాల్సిన పని కూడా లేదు, మన పోస్టుమేన్లు అరవోళ్ళు, తెలుగు అక్షరం రాదు. ఎంతైనా తిట్టుకోవచ్చు.

నీ పెండ్లాం జయను అడిగినానని చెప్పు. దానికైనా బుద్ధి ఉండాల్సింది.

కన్నప్ప మేస్త్రి

(రెండు కార్డులు. పైదానిమీద ఒకటి అని వేసినాను, వరసగా చదువు.)


బాగాయం,
13-6-1999

అన్నకు నమస్కారం.

రెండు కార్డులూ చేరినాయి. జయ రెండోదాన్ని ముందు చదివి, ఎందుకు తిడతా ఉండావో తెలవక భయపడింది.

కాలు సంగతి నీకు అక్కర లేదన్నావు, అయినా చెప్తాను. మడమ ఎముక పిండి అయిపొయింది. నడవచ్చు, మెట్లు ఎక్కవచ్చు. కొయ్యలు కట్టిన సారం ఇంక జన్మలో ఎక్కొద్దు అన్నాడు డాక్టరు. సారం ఎక్కని మేస్త్రి ఏమి మేస్త్రి, నువ్వే చెప్పు. నువ్వు వేస్తానన్న కుర్చీ మంచిదే. కానీ నీ పనిలో, నీ చేతి కింద కూర్చోని, ఇంకోడు కట్టే గోడను చూస్తా ఉండడం నాకు చేత కాదు. కోపం తెచ్చుకోవద్దు.

ఇది ఎట్ల మొదలయిందో చెప్తాను. మార్చిలో కట్టు విప్పించుకోని వస్తా ఉంటే పాత బస్టాండు కాడ వాన పట్టుకుంది. ఒక అంగట్లోకి దూరినాను. లోపల వరసగా కంప్యూటర్లు, గంటకు ఇంత అని ఇచ్చి ఆడుకుంటారు. అందరూ తుపాకులు కాలుస్తా ఉండారు. మూలలో ఒక ఆడబిడ్డ మాత్రం ఊరు కడతా ఉండాది. నిజంగానే అన్నా. బయలు నేల, పక్కన ఏరు. దాంట్లో మనం దోవలు వెయ్యాల, నీళ్ళ గొట్టాలు వెయ్యాల, కరెంటు ఇయ్యాల, అప్పుడే జనాలు వచ్చి ఇండ్లు కట్టుకుంటారు. గొట్టం మరిచిపోతే వీధికి వీధి ఖాళీ చేసి పోతారు. ఆ పాప లేచినాక నేను కూర్చున్నాను. మూడు గంటలు లేవలేదు. కాలు ఉండాదన్న సంగతే మరిచిపోయినాను.

ఆ ఆటకు మామూలు పెట్టె చాలదంట. గట్టి పెట్టె, రంగుల బొమ్మలకు వేరే కార్డు, అన్నీ కావాలంట. కట్టి ఉన్నది కొంటే నేను మోయలేని ధర. విడి సామాన్లు అమ్మే శరవణన్ అని ఒకతను ఉండాడు, మేస్త్రీ, నువ్వే కట్టుకో, నేను చెప్తాను అన్నాడు. నాకు అదే కావాల. చేతులకు పని.

నువ్వు చూసింటే నవ్వవు. ఇది కూడా కట్టుబడే. పెద్ద రేకును డబ్బాకు తగలకుండా చిన్న ఇత్తడి కాళ్ళమీద నిలబెట్టాల. స్లాబు పోసేటప్పుడు కమ్మీల కింద సిమెంటు బిళ్ళలు పెడతాము గదా, అట్లే. అది ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసింది. శరవణన్ ఆశ్చర్యపోయినాడు.

ఒక్క సందేహం. మెదడు అనే బిళ్ళమీద అల్యూమినియం దిమ్మె పెట్టి దానిమీద ఫ్యాను బిగించాల. బిళ్ళకూ దిమ్మెకూ మధ్య తెల్లగా ఒక పేస్టు రాయాలంట. ఎంత మందం రాయాల్నో అడగడం మరిచిపోయినాను. నువ్వైతే ఏమంటావు?

నీ తమ్ముడు,
ధనపాల్


గుడియాత్తం,
20-6-1999

ధనపాలూ,

లేని ఊర్లో, లేని మనుషులకు, లేని నీళ్ళు ఇస్తా ఉండావు. సంతోషం. వాళ్ళు ఓటు కూడా వేస్తారేమో చూడు, చైర్మన్ అయిపోతావు.

నా చేతి కింద చేత కాదన్నావే, పదమూడేండ్లకు నీ చేతిలో తాపీ పెట్టింది ఎవరు? గుండుదారం పట్టడం తెలవక గోడను గర్భిణిలాగ ఉబ్బించినావు, పడగొట్టి మళ్ళీ కట్టించింది ఎవరు? సరే, పోనీ. పెద్దోడి కింద కూర్చోలేనివాడు శరవణన్ అనే పిల్లోడి కింద కూర్చోవచ్చు. కాలం అట్ల ఉండాది.

పేస్టు ఎంత రాయాల అని అడిగినావు. అడిగినావు కాబట్టి చెప్తాను, ఇంత దూరం వచ్చినా బుద్ధి కొంచెం మిగిలుండాదని సంతోషించినాను. రాయికీ రాయికీ మధ్య సిమెంటు మాలు ఎట్ల వేస్తాము? నిండా. అంచుల్లో పొంగి బయటికి రావాల. లోపల గాలి సందు ఉంటే ఆ గోడ గుల్ల. అల్యూమినియం అయితే ఏంది, బండరాయి అయితే ఏంది, రెండింటి మధ్యన పూత అంటే ఒకటే శాస్త్రం. మందంగా వెయ్యి. వేసి ఏడు దినాలు కదిలించొద్దు, బాగా పట్టాల. తొందరపడి మరునాడే బరువు ఎత్తినావంటే నువ్వు మేస్త్రివే కాదు.

ఇంకొకటి. ఆడి నెల వస్తా ఉండాది. ఆడిలో ఎవడైనా కొత్త పని మొదలుపెడతాడా? ముందే మొదలుపెట్టు, లేకుంటే ఆవణి దాకా ఆగు. ఒక నిమ్మకాయ కోసి పెట్టు. పెట్టె మొహం తూర్పుకు ఉండాల.

కన్నప్ప మేస్త్రి


బాగాయం,
25-7-1999

అన్నకు,

ముందు ఒక మాట. ఇకమీదట కవర్లో రాయి. మా వీధికి కొత్త పోస్టుమేను వచ్చినాడు, చిత్తూరు పక్క మనిషి. తెలుగు గడగడా చదవతాడు. నీ కార్డు ఇస్తా ‘మీ గోడ గర్భిణి అయిందంట గదా మేస్త్రీ’ అన్నాడు. ఇప్పుడు వీధిలో అందరికీ తెలుసు.

నువ్వు చెప్పినట్టే చేసినాను. చిన్న గొట్టంలో వచ్చే పేస్టు, ఒకటి చాలదని రెండు తెచ్చినాను. అంచుల్లో పొంగేదాకా వేసినాను. ఏడు దినాలు ముట్టుకోలేదు. జయ ఊడ్చేటప్పుడు కూడా పక్కకు జరపనియ్యలేదు. గోడకు మాదిరి నీళ్ళు పెట్టాల అని నువ్వు రాయలేదు, అదొక్కటి దేవుడి దయ, రాసింటే అదీ చేసిందును.

ఎనిమిదో దినం నిమ్మకాయ కోసి స్విచ్చి వేసినాను. తెరమీద అక్షరాలు వచ్చినాయి. జయ చెయ్యెత్తి మొక్కింది. మూడు నిమిషాలకు చచ్చింది. మళ్ళీ వేస్తే రెండు నిమిషాలు. ఆ దిమ్మెమీద వేలు పెడితే పెనం.

పెట్టెను ఆటోలో వేసుకోని శరవణన్ కాడికి పొయినాను. విప్పి చూసి ఆ పేస్టును వేలితో తీసినాడు. తర్వాత అంగట్లో ఉన్నోళ్ళను అందరినీ పిలిచి చూపించినాడు. బియ్యం గింజంత చాలంట అన్నా! అది పట్టు కోసం కాదంట, వేడి దాటడానికంట. పలచగా ఉండే కొద్దీ మంచిదంట. ‘ఎవరు చెప్పినారు మేస్త్రీ మీకు?’ అన్నాడు. మా అన్న అన్నాను. ‘ఆయనా కంప్యూటర్లు కడతాడా?’ అన్నాడు. లేదు, ఇండ్లు అన్నాను. ఒకడు నవ్వి నవ్వి కుర్చీమీద నుంచి జారినాడు.

అది సరి చేసినాక ఇంకో చిక్కు. సామాను దాచుకునే డబ్బా ఒకటి, సీడీ బిళ్ళలు చదివే డబ్బా ఒకటి, రెండూ ఒకే పట్టీ తీగమీద ఉంటాయి. వెనకాల ఒక చిన్న పిన్ను పెట్టి, ఇది పెద్దోడు, ఇది చిన్నోడు అని చెప్పాల. నేను రెండింటికీ పెద్దోడి పిన్నే పెట్టినాను. ఇద్దరూ పెద్దోళ్ళమే అంటే పెట్టె ఇద్దరినీ గుర్తుపట్టదంట. ఒకడు తగ్గాల. తగ్గించినాక రెండూ పని చేసినాయి.

జయ నిన్ను అడిగింది.

ధనపాల్


గుడియాత్తం,
1-8-1999

ధనపాలూ,

కవర్లోనే రాసినాను. ఆ చిత్తూరోడికి చదువుకునేది పోయిందని బాధగా ఉండాదేమో, అడిగి చెప్పు.

పెద్దోడు చిన్నోడు కథ ఎవరిమీద చెప్పినావో నాకు తెలవదు అనుకున్నావా? ఒకడు తగ్గాలంట. తగ్గినాక ఇంట్లో దీపం వెలిగిందంట. ఇంత చుట్టు తిప్పి చెప్పకపోతే ఏమి, అన్నా నీ నోరు మూసుకో అని రాయవచ్చు గదా, అక్షరాలూ మిగులుతాయి.

నా చేతిలో నలభై ఐదేండ్లుగా మాలు కలిసింది. ఒక్క గోడ పడలేదు. బియ్యం గింజంత పూతతో నిలబడేది ఏదైనా ఉండాదంటే అది దోశ. ఆ పిల్లోడి అంగట్లో నా పేరు చెప్పి నలుగురిని నవ్వించినావు. ‘మా అన్న’ అన్నావు. ఎవరో ఒక మేస్త్రి అని ఉంటే నీ సొమ్ము ఏమైనా పొయ్యేదా?

పైగా ఆడిలో స్విచ్చి వేసినావు. మూడు నిమిషాలైనా వెలిగిందంటే అది నా నిమ్మకాయ మహిమ.

నీ వదినకు మోకాలు నొప్పి. నీకు చెప్పి ఏమి లాభం, నువ్వు ఊరు కట్టుకోవాల గదా.

కన్నప్ప మేస్త్రి


బాగాయం,
15-8-1999

అన్నకు,

ఆ పిన్ను మాట నీమీద రాయలేదు. నిజంగా దాని పేరే అట్ల. వదినకు వేడి నూనె పట్టించమని జయ చెప్పింది.

పెట్టె నడిచింది. వారం దినాలు నడిచింది. నా ఊరికి పన్నెండు వేల మంది జనాలు వచ్చినారు. రెండు బడులు, ఒక ఆసుపత్రి కట్టినాను. ఏటిమీద వంతెన మొదలుపెట్టినాను. ఎన్నో నెలల తర్వాత నాకు ఆకలి అయింది అంటే నమ్ముతావా?

తర్వాత వచ్చింది చిక్కు. పెట్టెను ముట్టుకుంటే చీమ కుట్టినట్టు చురుక్కుమంటాది. నాకు కాదు, చెప్పులు లేకుండా తుడిచేటప్పుడు జయకు. నేను నమ్మలేదు, నీకు భ్రమ అన్నాను. మంగళవారం తెర తీగ ఊడింటే మళ్ళీ గుచ్చబోయినాను. టప్పుమని నిప్పు వచ్చింది. అంతే. పెద్ద రేకు కాలిపొయింది.

శరవణన్ ఇంటికే వచ్చినాడు. రెండు తీగలు కట్టిన ఒక బల్బు తెచ్చినాడు. ప్లగ్గులో కింది రెండు రంధ్రాల్లో పెడితే వెలిగింది. ఒక తీగ తీసి పైన ఉండే పెద్ద ఎర్తు రంధ్రంలో పెడితే వెలగలేదు. ఇంట్లో అన్ని ప్లగ్గులూ అంతే. ‘ఈ ఇంటికి ఎర్తు లేదు మేస్త్రీ. పెట్టె తప్పు కాదు. ఎవరు కట్టినారు ఈ ఇంటిని?’ అన్నాడు. నేను మాట్లాడలేదు. జయ చెప్పింది, మా బావ కట్టినాడు, ఆయన కట్టిన ఇంట్లో తప్పు ఉండదు, నీ బల్బే సరిగా లేదు అని.

ఆ పిల్లోడు పొయినాక జయ చాలాసేపు గ్రైండరు కాడ నిలబడింది. ఎనిమిదేండ్ల కింద ఆ గ్రైండరు షాకు కొట్టి విసిరేస్తే గదా జయ ముందు పన్ను విరిగింది.

అన్నా, ఈ ఇల్లు కట్టేటప్పుడు నేను కాట్పాడి పనిలో ఉండాను, ఎర్తు గుంత తీసేటప్పుడు చూడలేదు. యాడ తీసినావో రాయి. తీగ యాడో తెగి ఉంటాది. తవ్వి కలుపుకుంటాను.

ధనపాల్


గుడియాత్తం,
20-8-1999

ధనపాలూ,

మర్యాదగా రాస్తా ఉండాను. చదివినాక చించెయ్.

నేను కట్టిన ఇంటికి ఎర్తు లేదని చెప్పడానికి మీసం రాని పిల్లోడు ఒకడు బల్బు పట్టుకోని వచ్చినాడు. వాడిని నువ్వు లోపలికి రానిచ్చినావు. వాడి ముందర నోరు మూసుకోని నిలబడినావు. నీ పెండ్లాం నీకంటే నయం.

రాసుకో. తూర్పు గోడ పక్కన, బట్టలు ఉతికే రాయి ఉండాదే, మూల నుంచి మూడు అడుగులు వేసి చూడు. అక్కడ తవ్వించినాను. ఆరడుగులు. మనిషి దిగితే తల కనపడలేదు. మూట బొగ్గు, మూట ఉప్పు, పొర మీద పొర వేయించినాను. గొట్టం నిలబెట్టి నీళ్ళు పోయించినాను. దగ్గరుండి చూసినాను. ఆ దినం ఎండ ఎట్ల కాసిందో కూడా గుర్తుండాది. తవ్వినోళ్ళకు మజ్జిగ ఇచ్చింది మన అమ్మ.

గ్రైండరు సంగతి తెచ్చినావు. తడి చేత్తో మోటారు ముట్టుకుంటే ఎవరికైనా పన్ను పోతాది. ఆ దినమే దానికి ముఖాన చెప్పినాను. ఎనిమిదేండ్ల తర్వాత దాన్ని నా ఇంటిమీద వేస్తారా?

తవ్వుకో. తవ్వి చూడు. నాకేమి భయం. తప్పు యాడ ఉండాదంటే ఆ డబ్బాలో ఉండాది, దాన్ని కట్టినోడి చేతిలో ఉండాది. పేస్టు పూయడం రానోడు నాకు ఎర్తు నేర్పిస్తాడు.

కన్నప్ప మేస్త్రి


బాగాయం,
5-9-1999

అన్నకు,

తవ్వినాము. నా కాలు సహకరించలేదు, జయ గడ్డపార పట్టింది. మూల నుంచి మూడు అడుగులు, నువ్వు చెప్పిన చోటే.

రెండడుగులకు బండ తగిలింది. బండమీద బొగ్గు లేదు, ఉప్పు లేదు, గొట్టం లేదు. ఇంట్లో నుంచి వచ్చిన ఎర్తు తీగ ఉండాది. తెగలేదు. చుట్ట చుట్టి, సిమెంటు సంచి ముక్కలో పెట్టి, దారంతో కట్టి ఉండాది.

ఆ ముడి చూసినాను. రెండు చుట్లు, ఎడమ చేత్తో లాగి వేసిన ముడి. మనిద్దరం సారం కొయ్యలు కట్టేటప్పుడు ఆ ముడి వేసేది నువ్వొక్కడివే.

జయ చూసింది. చేతులు కడుక్కోని లోపలికి పొయింది.

ధనపాల్


గుడియాత్తం,
10-10-1999

ధనపాలూ,

నెల పైన అయింది. రెండు సార్లు రాసి చించినాను. రెండింట్లోనూ నిన్నే తిట్టినాను. ఇది మూడోది.

1983 ఆవణి. గురువారం గృహప్రవేశం. మంగళవారం సాయంత్రం గుంత మొదలుపెడితే రెండడుగులకే బండ. కొట్టాలంటే మందు పెట్టి పేల్చాల, లేదా పడమటి పక్కకు మార్చి తీగ అంతా తిప్పి లాగాల. రెండూ రెండు దినాల పని. పందిలి వేసేసినారు. చుట్టాలు దిగినారు. ముహూర్తానికి పని కాలేదు అంటే కన్నప్ప మేస్త్రి సొంత తమ్ముడి ఇల్లే సకాలంలో ముగించలేదు అంటారు. తీగను చుట్టి పెట్టి మట్టి కప్పినాను. పండగ కానీ, తర్వాత వచ్చి చేద్దాం అనుకున్నాను. వైరు పని చేసేవాడు అడిగినాడు, గుంత అయిందా మేస్త్రీ అని. అయింది అన్నాను.

తర్వాత ఎవరు అడిగినా ఆరడుగులు అన్నాను. బొగ్గు అన్నాను. ఉప్పు అన్నాను. చెప్పగా చెప్పగా నాకే ఆ గుంత కళ్ళకు కనపడింది. అమ్మ మజ్జిగ ఇచ్చింది నిజమే. అది పునాదుల దినం.

జయ సంగతి. అది పడిన దినం నేను మీ ఇంట్లోనే ఉండాను. నోట్లో నుంచి రక్తం కారతా ఉంటే అది ఎందుకు పడిందో ఆ ఇంట్లో తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే. చెప్పాల్సింది పోయి తిట్టినాను, తడి చేతుల దానా అని. గట్టిగా తిట్టినోడిమీద ఎవరికీ అనుమానం రాదు. నా వయసుకు నేను నేర్చుకున్న విద్య అదొక్కటి. ఎక్కువ తిట్టినప్పుడంతా ఏదో ఒకటి మూసినాను అనుకో.

ఎవరినీ పెట్టి తవ్వించొద్దు. నేను వస్తాను. పడమటి పక్క మట్టి ఉండాది, నాకు తెలుసు, అప్పుడే తెలుసు. అరవై ఏడేండ్లోడు ఆరడుగులు తవ్వలేడని నువ్వు అంటావు. అననీ.

జయ రానిస్తేనే వస్తాను. అడిగి రాయి.

కన్నప్ప


బాగాయం,
14-10-1999

అన్నకు,

జయ చెప్పింది చెప్పినట్టు రాస్తా ఉండాను.

‘రమ్మను. పన్ను గురించి నాకు చెప్పాల్సింది కాగితంమీద కాదు, ఈడికి వచ్చి నా మొహం చూసి చెప్పమను. తవ్వేది ఆయన. టేపు పట్టుకోని అంచున నిలబడేది నేను. ఆరడుగులకు ఒక అంగుళం తక్కువున్నా మూయనివ్వను. మజ్జిగ ఇస్తాను.’

నా మాట ఒకటే. నేను సొంతంగా కట్టిన ఇండ్లు పంతొమ్మిది. ప్రతి ఇంటికాడా కూలోళ్ళు నాలుగడుగులు చాలు మేస్త్రీ అంటే, మా అన్న బాగాయంలో ఆరు తీసినాడు, ఆరు తియ్యండి అని నిలబడి తీయించినాను. ఒక చోట బండ తగిలితే మూడు దినాలు పగలగొట్టించినాను. ముహూర్తం తప్పింది. ఇల్లుగలాయన తిట్టినాడు. ఆ తిట్లు పడినాను.

అవన్నీ బాగుండాయి. నీ ఆరడుగులు నమ్మి తీసినవి.

ధనపాల్


గుడియాత్తం,
14-11-1999

ధనపాలూ,

వీపు ఇంకా పట్టుకోనే ఉండాది. మీ వదిన రెండు పూటలా కాపడం పెడతా, ఈ వయసులో ఎవరు తవ్వమన్నారు అని రెండు పూటలా అడుగుతాది. చెప్పినాను. విని, ఇంకా వేడిగా పెట్టింది.

ఆరడుగుల ఒక అంగుళం. ఆ అంగుళం జయ కోసం కాదు, టేపుమీద నమ్మకం లేక. నీ పెండ్లాం మాదిరి కొలిచే మనిషి నాకు సైటులో దొరికింటే నా బతుకు వేరేగా ఉండేది. ప్రతి అడుగుకూ ‘ఆగు బావా’ అని టేపు వదిలింది. దానికి నేను చెప్పుకున్నది నువ్వు వినలేదు, లోపల ఉండావు. నీకు రాయను. అది ఏమన్నదో కూడా రాయను.

బల్బు వెలిగింది. ఆ శరవణన్ వెలిగించి నన్ను చూసి ఏదో అనబోయి మానుకున్నాడు. అంత చెడ్డ పిల్లోడు కాదు. పేస్టు గొట్టం ఒకటి చేతిలో పెట్టి ‘ఇంటికి తీసుకోని పోండి తాతా, గోడకు పనికొస్తాది’ అన్నాడు. దానికి మాత్రం వాణ్ణి ఎప్పుడో ఒకసారి తంతాను.

నీ పెట్టె కూడా చూసినాను. కొత్త రేకు వేసినాక వంతెన ముగించినావు, మంచిదే. కానీ పన్నెండు వేల మందికి కరెంటు ఇచ్చినావు, ఎర్తు గుంతలు యాడరా అంటే, ఈ ఆటలో అవి లేవన్నా అన్నావు. అందుకే దాన్ని ఆట అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. నీ ఇంటికాడ చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు. నీ ఇల్లు ఒక్కటే కాదు. ఒకసారి చేసి, ఎవరూ చావలేదు, ఎవరూ అడగలేదు అని చూసినాక చెయ్యి అలవాటు పడింది. గుడియాత్తంలో బండ తగిలిన చోట ఇంకా నాలుగు ఇండ్లకు అదే చేసినాను. నాలుగూ నాకు గుర్తుండాయి. ఇల్లుగలోళ్ళు ఈ పొద్దుకూ వీధిలో నన్ను చూస్తే మేస్త్రీ అని నిలబడి పలకరిస్తారు.

నిన్న మొదటి ఇంటికి పొయినాను. కమలాక్షమ్మ ఇల్లు, మగ్గాల వీధిలో. భర్త పోయినాడు, కొడుకూ కోడలూ ఉండారు. గడ్డపార చేతిలో పట్టుకోనే పొయినాను, లేకుంటే దోవలోనే వెనక్కి తిరుగుతానని. నిలబడి అంతా చెప్పినాను. బండ, రెండడుగులు, చుట్టిన తీగ, అబద్ధం. ఆయమ్మ తలుపు వేసుకుంటాదో, కొడుకును పిలుస్తాదో అని చూస్తా ఉండాను.

ఆయమ్మ అన్నది, ‘అదా మేస్త్రీ! మా ఇంట్లో ఫ్రిజ్జు ముట్టుకోవాలంటే అందరమూ చెప్పులు వేసుకుంటాము. కోడలు కాపురానికి వచ్చిన దినమే దానికీ చెప్పినాను. కరెంటు గుణమే అంత అనుకున్నాము. ఎప్పుడైనా అనుమానం వచ్చినా మా ఆయన అనేవాడు, కన్నప్ప కట్టిన ఇంట్లో లోపం యాడ నుంచి వస్తాది, మనమే జాగ్రత్తగా ఉండాల అని.’

అని కాఫీ తెచ్చింది. ఫ్రిజ్జులో నుంచి పాలు తీసింది. తీసేముందు చెప్పులు వేసుకుంది. నేను చూస్తా ఉండంగానే.

తిట్టింటే బదులు చెప్పిందును ధనపాలూ. తిట్లకు నా కాడ బదులు ఉండాది. కాఫీ లోటా కింద పెట్టి వెనక పక్కకు పొయి, మట్టి మెత్తగా ఉండే చోటు గడ్డపారతో పొడిచి పొడిచి వెతికినాను. దొరికింది. ఒకటిన్నర అడుగు తవ్వినాక చీకటి పడింది. పొద్దున్నే మళ్ళీ పోవాల.

నువ్వు వస్తానని రాయొద్దు. కాలు లేనోడు వచ్చి చేసేది ఏమీ లేదు. జయను మాత్రం పంపించు. టేపు తెమ్మను.

కన్నప్ప